మీకేం చూడాలనుంది?

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మావారు రిటైరయ్యారు. కాశీ, రామేశ్వరం, బదరీ అన్నీ అయ్యాయి. ఈసారి పిల్లలిద్దరూ కలిసి మమ్మల్ని ఆఫ్రికా సఫారీకి పంపిస్తామంటున్నారు. పెద్దాడు కెన్యా అంటాడు, అమ్మాయి సౌతాఫ్రికా అంటుంది, మా ఆడపడుచు వెళితే టాంజానియాయే వెళ్ళాలంటుంది. నాకు మోకాళ్ళ నొప్పులు. మళ్ళీ మళ్ళీ వెళ్ళే స్తోమత మాకు లేదు. ఇంతకీ ఏ దేశం వెళ్ళమంటారు?" అని.

ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో పెద్దాడి మాట ఉంది, అమ్మాయి మాట ఉంది, ఆడపడుచు మాట కూడా ఉంది. రాసినావిడ మాట మాత్రం ఎక్కడా లేదు! నవ్వుకున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నా సంగతీ అచ్చం ఇంతే మరి.

మా ప్రయాణం ఏర్పాట్లన్నీ ఒక ట్రావెల్ ఏజెంటు చూశాడు. ఎనిమిది రోజుల్లో అయిదు పార్కులన్నాడు. ఇంత డబ్బు పోస్తున్నాం కదా, ఎన్ని చూస్తే అంత లాభం అనుకున్నాం. తీరా వెళ్ళాక, పార్కుల్లో ఉన్నదానికన్నా వ్యానులో కూర్చున్నదే ఎక్కువ. రాత్రి పెట్టె విప్పడం, తెల్లారకుండా సర్దడం. గతుకుల రోడ్డు మీద నడుం పట్టేస్తే, "ఇది ఆఫ్రికన్ మసాజ్, దీనికి వేరే డబ్బులక్కర్లేదు" అని డ్రైవరు నవ్వించేవాడు.

కెన్యాలోని అంబోసెలి పార్కుకి చేరిన సాయంత్రం ఆ డ్రైవరే నన్ను, "మామా, రేప్పొద్దున మీకేం చూడాలనుంది?" అని అడిగాడు. కంగారు పడకండి, స్వాహిలీ భాషలో మామా అంటే అమ్మ. ఆడవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. "ఆయనకి సింహం చూడాలనుందిట" అన్నాను. "అది సారు సంగతి. మరి మీకు?" అన్నాడు.

చెప్పొద్దూ, నోట మాట రాలేదు. కూరేం చెయ్యను, ఇడ్లీయా అట్టా అని ఇన్నేళ్ళూ ఇంట్లో అందరినీ అడిగినదాన్నే గానీ, నాకేం కావాలో నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. కాసేపాగి, "ఏనుగులు. పిల్లల్తో ఉన్న ఏనుగులు" అన్నాను.

మర్నాడు తెల్లవారుతూనే చిత్తడి నేల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎదురుగా కిలిమంజారో. 5,895 మీటర్ల ఆ పర్వతం ఉన్నది టాంజానియాలో, దాని అందం చూడాలంటే మాత్రం కెన్యాలోని అంబోసెలి నుంచే చూడాలి. దాని ముందునుంచి ఒక ఏనుగుల కుటుంబం వస్తోంది. ముందు ఒక ముసలి ఆడ ఏనుగు, వెనకాల కూతుళ్ళు, మనవలు. ఏనుగుల ఇంట పెత్తనం అమ్మమ్మదే. మగపిల్లలు ఎదిగాక విడిపోతారు. కరువొస్తే ఏ మూల నీళ్ళు దొరుకుతాయో గుర్తుపెట్టుకుని మందని నడిపించేది ఆ పెద్దావిడే. 1972లో అక్కడి ఏనుగుల్ని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, పేర్లు పెట్టి పరిశోధన మొదలుపెట్టిన సింథియా మాస్ కూడా ఒక ఆడమనిషే.

ఓ గున్న ఏనుగు బురదలో జారిపడింది. వెంటనే తల్లీ, పెద్దమ్మలూ చుట్టూ చేరి దాన్ని లేపారు. నేను అలా చూస్తూ ఉండిపోయాను. అరగంట అయిందో లేదో, మావారు వాచీ చూపించారు. బయల్దేరకపోతే తర్వాతి పార్కు అందదు. వ్యాను వెనక అద్దంలోంచి ఆ మంద కనిపించినంతసేపూ చూశాను. ఆ తర్వాత చూసినవేవీ నాకిప్పుడు సరిగ్గా గుర్తులేవు.

అందుకే చెబుతున్నాను, ఏ దేశం అన్నది రెండో ప్రశ్న. మీకేం చూడాలనుంది అన్నది మొదటిది. అది తేలితే దేశం దానంతటదే తేలుతుంది.

ఏనుగుల కోసమైతే కెన్యాలో అంబోసెలి. లేదా టాంజానియాలో టరంగీరె. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండలకి నీళ్ళు తగ్గి, ఏనుగులన్నీ అక్కడి నది దగ్గరికి చేరతాయి.

సింహం, చిరుత, చీతా మూడూ చూడాలని ఉందా? కెన్యాలోని మసాయి మారా వెళ్ళండి. కనుచూపు మేర గడ్డి మైదానం కాబట్టి జంతువులు చెట్ల చాటున దాక్కోవు. అన్నట్టు, చిరుతా చీతా ఒకటి కాదు. మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలినవి ఇవే. పెద్దపులి మాత్రం ఆఫ్రికా అడవుల్లో లేదు, ఆ ఆశ పెట్టుకోకండి.

టీవీలో చూపిస్తారే, వేలకి వేలు జంతువులు మొసళ్ళ నదిలోకి దూకడం, అది చూడాలంటే జూలై నుంచి అక్టోబరు లోపల మారా నది దగ్గరుండాలి. వాటిని వైల్డ్‌బీస్ట్ అంటారు. చూడ్డానికి దున్నలా ఉన్నా నిజానికి జింకల చుట్టం. పది లక్షలకు పైగా ఉన్న ఈ మంద టాంజానియాలోని సెరెంగెటికీ మారాకీ మధ్య వానల్ని బట్టి ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. అయితే అవి మన టిక్కెట్టు చూసి నది దాటవు. ఒడ్డుదాకా వచ్చి, పొద్దంతా నిలబడి, వెనక్కి మళ్ళిపోవడమూ ఉంది. ఓపిక ఉంటేనే దీనికి వెళ్ళాలి.

నన్నడిగితే అంతకన్నా ముచ్చటైనది ఇంకోటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ మంద దక్షిణ సెరెంగెటిలో ఉంటుంది. అది వాటి పురుళ్ళ కాలం. ఫిబ్రవరిలో రోజుకి వేలకొద్దీ పిల్లలు పుడతాయి. పుట్టిన కాసేపటికే లేచి తల్లి వెంట పరుగెత్తుతాయి. ఆ దగ్గర్లోనే గోరొంగోరో ఉంది. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం కుంగి పెద్ద మూకుడులా తయారైంది. లోతు సుమారు 600 మీటర్లు, లోపల సుమారు 260 చదరపు కిలోమీటర్ల నేల. ఖడ్గమృగంతో సహా ఎన్నో జంతువుల్ని ఒక్క రోజులో చూసి రావచ్చు.

ఇక మీ అమ్మాయి చెప్పిన సౌతాఫ్రికా. మనవలతో సహా కుటుంబమంతా కలిసి వెళ్ళేటట్టయితే అది మంచి మాటే. అక్కడి క్రూగర్ పార్కులో ముఖ్యమైనవన్నీ తారురోడ్లు. సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చు. వంటగది ఉన్న కాటేజీలు కూడా దొరుకుతాయి, ఇంత అన్నం, చారు పెట్టుకోవచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా గడ్డి ఎండి జంతువులు బాగా కనిపిస్తాయి. గొరిల్లాల కోసం ఉగాండా, రువాండా వెళ్ళేవాళ్ళు కొండల్లో గంటల తరబడి ఎక్కాలి. రువాండాలో ఒక్క అనుమతి పత్రానికే మనిషికి 1,500 డాలర్లు. బోట్స్వానాలోని ఒకవాంగో అందమైనదే గానీ బాగా ఖరీదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు వీటి జోలికి పోనక్కర్లేదు.

నెల విషయంలో మన తెలుగువాళ్ళు ఒక తప్పు చేస్తారు. పిల్లలకి వేసవి సెలవులని ఏప్రిల్, మే నెలల్లో టిక్కెట్లు కొంటారు. కెన్యా, టాంజానియాల్లో అవి పెద్ద వానల రోజులు. దారులు బురద, కొన్ని బసలు మూసేస్తారు కూడా. చవకగా వస్తోందంటే కారణం అదే. దసరా సెలవులుగానీ సంక్రాంతి సెలవులుగానీ నయం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఏజెంటు ఎంత అన్నాడన్నది కాదు, అందులో ఏమేం కలిశాయన్నది అడగండి. మసాయి మారాలో 2024 నుంచి విదేశీయులకి ప్రవేశ రుసుము రోజుకి, మనిషికి జనవరి-జూన్ మధ్య 100 డాలర్లు, జూలై-డిసెంబరు మధ్య 200 డాలర్లు. ఇద్దరికి, మూడు రోజులకి లెక్కేసుకోండి! ఇది ప్యాకేజీలో ఉందా లేదా? బస పార్కు లోపలా, బయటా? బండి వ్యానా, ల్యాండ్ క్రూజరా? ఎంతమందిని ఎక్కిస్తారు, ఒక్కొక్కరికీ కిటికీ ఉంటుందా? ఏ రోజు ఎన్ని గంటలు రోడ్డు మీద ఉండాలి? ఈ అయిదు ప్రశ్నలకీ జవాబు కాగితం మీద రాయించుకోండి. కూరగాయల దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం ఇక్కడ మొహమాటపడితే ఎలా?

ఒక్క నియమం మాత్రం తప్పకండి. వారం రోజులకి రెండు పార్కులు చాలు. ఎక్కడా రెండు రాత్రులకి తగ్గొద్దు.

ఆరోగ్యం విషయం. కెన్యా, ఉగాండాలు వెళ్ళొచ్చేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి, టాంజానియా వెళ్ళేవాళ్ళు అవసరమో కాదో ముందే కనుక్కోవాలి. వేయించుకున్న పది రోజులకి గానీ ఆ పత్రం చెల్లదు, తర్వాత జీవితాంతం చెల్లుతుంది. పత్రం లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. అరవై దాటినవాళ్ళు, గుడ్డు పడనివాళ్ళు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. టీకా వేసుకోకూడదని డాక్టరు చెబితే అప్పుడు సౌతాఫ్రికా మేలు. నేరుగా వెళ్ళొచ్చేవాళ్ళని అక్కడ ఈ పత్రం అడగరు. దారిలో నైరోబీలోనో అడిస్ అబాబాలోనో 12 గంటలు దాటి ఆగితే మాత్రం అడుగుతారు. మలేరియా మాత్రల గురించి కూడా డాక్టరునే అడగండి. వీసా నియమాలు మారుతుంటాయి, టిక్కెట్టు కొనేముందు చూసుకోండి. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా తీసేసి, ముందుగా ఆన్‌లైన్లో అనుమతి తీసుకునే పద్ధతి పెట్టారు.

మరొక మాట, ఎవరూ రాయరు గనక నేను రాస్తున్నాను. పార్కులో ఎక్కడ పడితే అక్కడ బండి దిగనివ్వరు. బాత్రూం భయంతో మన ఆడవాళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. ఆ ఎండలో అది చాలా ప్రమాదం. మొహమాటపడకుండా పొద్దున్నే డ్రైవరుతో చెప్పండి. ఎక్కడ ఎన్ని గంటలకి ఆపాలో అతనికి తెలుసు. తప్పనిసరైతే చుట్టూ చూసి, బండి చాటున ఆపుతాడు. వాళ్ళకిది మామూలే.

బట్టలకి మట్టిరంగు, ఆకుపచ్చ రంగు చుడీదార్లు మంచివి. నీలం, నలుపు వద్దు, ట్సెట్సీ ఈగలు ఆ రంగులకి ముసురుతాయి. చీరతో ఆ ఎత్తు బండి ఎక్కడం కష్టం. ఆఫ్రికా అంటే ఎండే అనుకోకండి, తెల్లవారుజామున మారాలోనూ, గోరొంగోరో అంచు మీదా స్వెట్టరు లేకపోతే వణికిపోతాం. దుమ్ముకి ఒక చున్నీ. బైనాక్యులర్ ఇద్దరికీ చెరొకటి. ఒక్కటే తీసుకెళితే అది ఎవరి చేతిలో ఉంటుందో మీకు వేరే చెప్పాలా? చిన్న విమానంలో వెళ్ళేటట్టయితే 15 కిలోలకి మించకుండా మెత్తని సంచీ. గట్టి సూట్‌కేసు ఎక్కనివ్వరు.

కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 నుంచీ, టాంజానియాలో 2019 నుంచీ నిషేధం. కందిపొడి, కారప్పూస స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. పచ్చళ్ళలాంటివి ఏవి తేనిస్తారో ముందే కనుక్కోండి. శాకాహారులు బెంగపడక్కర్లేదు. 1896లో మొదలైన రైల్వే పనికి మనవాళ్ళు వేలమంది అక్కడికి వెళ్ళారు. అందుకే చపాతీ, చాయ్ అక్కడి ఇంటి మాటలైపోయాయి. ఉగాలి అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటి లాంటిదే. పక్కన ఆకుకూర వేపుడు. దాని పేరు సుకుమా వికి, అంటే "వారాన్ని ముందుకి నెట్టు" అని. నెలాఖరు రోజుల్ని ఆకుకూరతో నెట్టుకురావడం మనకి తెలీనిదా!

ఇక సోదరి ఉత్తరానికి జవాబు. మీ మోకాళ్ళకీ, మీ వారం రోజులకీ నా మాట కెన్యా. అంబోసెలిలో రెండు రాత్రులు, మారాలో మూడు, మధ్యలో నైరోబీలో ఒక రాత్రి విశ్రాంతి. మారాకి రోడ్డు మీద అయిదారు గంటలు. నడుం ఒప్పుకోకపోతే, డబ్బు వీలైతే, చిన్న విమానంలో ముప్పావు గంట.

కానీ ఇది నా మాట. మీ ఉత్తరంలో ఇన్ని మాటలున్నాయి, ఇంకోటెందుకు? ఈ రాత్రి భోజనాలయ్యాక మీరూ, మీవారూ చెరో కాగితం తీసుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా, "నాకు ఇది చూడాలనుంది" అని ఒక్క వాక్యం రాయండి. వెంటనే తట్టకపోతే కంగారుపడకండి, నాకూ తట్టలేదు. రెండు రోజులు పట్టినా సరే, రాశాకే ఏజెంటుకి ఫోన్ చెయ్యండి. మీ కాగితం మీద ఏం రాశారో నాకూ ఒక కార్డు ముక్క రాస్తారు కదూ?