పుఱ్ఱెకు తగిన మాట

పునరుజ్జీవనకాలపు ఐరోపా మతచిత్రముల అచ్చుప్రతులలో పుఱ్ఱె కనిపించినంతనే దానికి ‘శ్మశానవైరాగ్యము’ అని పేరు పెట్టి ఊరకుండు విమర్శకులు మనలో కలరు. మాట సిద్ధముగ నున్నది. హిందీలోను అదే మాట. 1931లో పూర్తియైన రైలుమార్గము విజయనగరముతో కలిపిన రాయపూరులో హిందీవారి నడిగినను, తెలుగువారి నడిగినను దాని అర్థ మొక్కటే: కాటినుండి ఇల్లు చేరులోపల ఆరిపోవు విరక్తి. ఇంత సులభముగ దొరకుటయే ఈ అనువాదములోని దోషము.

ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514లో రాగిరేకుపై చెక్కిన సాధువు జెరోము చిత్రమును చూడుడు. కిటికీగట్టుపై పుఱ్ఱె, గోడకు ఇసుకగడియారము, బల్ల అంచున సిలువ. ముందుభాగమున సింహము కునుకుచున్నది, పక్కనే కుక్క నిద్రించుచున్నది. ముసలివాడు మాత్రము తల వంచి వ్రాయుచున్నాడు. బైబిలును లాటినులోనికి తెచ్చిన మహానుభావు డాయన. అనువాదకుల కందఱకు కులగురువు. ఇది విరక్తుని గది యెట్లగును? కాలము కొంచెమే మిగిలియున్నది, పని ఇంకను చాల ఉన్నది అని గదా ఆ పుఱ్ఱె చెప్పుట! ఇదే జెరోమును డ్యూరర్ సుమారు 1496లో అరణ్యమున మోకరిల్లి, రాతితో రొమ్ము బాదుకొనువానిగ చెక్కియుండెను. రెండును పక్కపక్కన నుంచినచో పశ్చాత్తాపము నడచిన దారి తెలియును. రాయి పట్టినవాడే కలము పట్టినాడు.

1538లో లియోన్‌లో అచ్చైన హోల్బైన్ మృత్యునృత్యమున అస్థిపంజరము రాజును విడువదు, పోపును విడువదు. కాని పొలము దున్ను వృద్ధుని యొద్ద అది గుఱ్ఱములను తోలిపెట్టుచున్నది! వరిపొలముల నడుమ పెరిగిన ఛత్తీస్‌గఢ్ పాఠకునకు దీనికి వ్యాఖ్య యేల?

మనలో దీనికి సాటి లేకపోలేదు. బ్రహ్మ ఐదవ శిరస్సును త్రుంచిన భైరవుని చేతికి కపాల మంటుకొనెను. దానిలోనే భిక్ష మెత్తుచు తిరిగి తిరిగి కాశి చేరినప్పుడు గాని అది ఊడలేదు. ఇది ప్రాయశ్చిత్తము. చేసిన తప్పును చేతబట్టుకొని నడచుట.

ఇక మాట సంగతి. తెలుగు బైబిలువారు ‘మారుమనస్సు’ అన్నారు. హిందీవారు ‘మన్ ఫిరానా’ అన్నారు. రెండింటను మళ్లునది మనస్సే. మనిషి లోకమును విడిచిపోవలసిన పని లేదు. ఇంత చక్కని మాటను పాదిరీల తెలుగని వెక్కిరించి త్రోసివేసినవారే నేడు డ్యూరర్ పుఱ్ఱెను కిటికీగట్టునుండి దింపి కాటికి మోసికొని పోవుచున్నారు.