పక్కకు తిరగాలన్నా నొప్పేనా?

ఏడో నెల. రాత్రి పక్కకు తిరగాలంటే కళ్లవెంట నీళ్లు. మెట్లెక్కబోతే తొడల మధ్య ఎముక దగ్గర పోటు. ఇంట్లో చెబితే ‘మేం కనలేదా పిల్లల్ని?’ అన్నదే జవాబు. దాంతో ఆమె చెప్పడమే మానేస్తుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ప్రతి ఐదుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరిని వేధించే ఈ కటి నొప్పికి ఓర్చుకోవడం ఒక్కటే మార్గం కాదు.

ఎందుకొస్తుంది?

కటి వలయంలో ముందు ఒకటి, వెనక రెండు కీళ్లుంటాయి. గర్భంతో ఉన్నప్పుడు రిలాక్సిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో వీటిని పట్టి ఉంచే లిగమెంట్లు కాస్త సడలుతాయి. పొట్ట బరువు, మారిన నడక దానికి తోడవుతాయి. కీళ్లు రెండు వైపులా సమానంగా కదలవు. అందుకే ఒంటికాలిపై బరువు పడితే బాధ. అయితే దీనివల్ల బిడ్డకు హాని ఉండదు.

ఇలా చేయండి...

* మంచంపై తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి ఉంచాలి. పడుకున్నాక మధ్యలో దిండు పెట్టుకోవాలి.

* పైజమా, లంగా లాంటివి కూర్చునే వేసుకోవాలి.

* రెండు పాదాలూ ఒక మెట్టుపైకి చేరాకే తర్వాతి మెట్టు.

* మఠం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చుని బట్టలుతకడం, బిందెనో పెద్దపిల్లనో చంకనెత్తుకోవడం వద్దు.

* ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు మేలు చేస్తాయి. బెల్టు పెట్టుకోమంటే పొట్టమీద కాదు, తుంటి చుట్టూ ఉండాలి.

* నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ముఖ్యంగా 20 వారాలు దాటాక ఐబుప్రొఫెన్ లాంటివి బిడ్డకు ప్రమాదం.

కాన్పు ఎలా?

ఈ నొప్పి ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. బాధ లేకుండా మోకాళ్లు ఎంత ఎడంగా పెట్టగలరో చూసుకుని డాక్టరుకు ముందే చెప్పాలి. పక్కకు ఒత్తిగిలి కూడా ప్రసవించవచ్చు. కాన్పయ్యాక చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. కొందరికి ఉండిపోతుంది. పాప పనిలో పడి దాన్ని వదిలేయకూడదు.

రక్తస్రావం, జ్వరం, మూత్రంలో మంట, నెలలు నిండకుండానే ఆగి ఆగి వచ్చే నొప్పులు, పిక్కలో వాపు, కాళ్లు మొద్దుబారడం, మూత్రంపై పట్టు తప్పడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కోడలో కూతురో నొప్పి అన్నప్పుడు ‘మేం కనలేదా?’ అనకండి. ‘ఎక్కడమ్మా?’ అని అడగండి. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.