అచ్చులో ఉందిగా!

మా మట్టెవాడలో తల్లుల గొప్పలు మారిపోయాయి. ఒకప్పుడు "మా అమ్మాయికి ఇరవై దాకా ఎక్కాలొచ్చు" అని మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడు "మావాడికి యాభై చదరంగం ఆటలు ఎత్తుకెత్తు నోటికొచ్చు" అంటున్నాం. కారణం తెలిసిందే. మన వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. ఆనంద్ తర్వాత అంత ఎత్తుకెక్కిన రెండో భారతీయుడు. ఇక మనం ఊరుకుంటామా!

సంతోషమే. కాని ఆ 'నోటికి రావడం' మీదే నా పోట్లాటంతా.

ఎవరో ఆడిన ఆటను ఇంకెవరో మొదటినుంచి చివరిదాకా మళ్ళీ ఆడితే దొంగతనమేం కాదు. ఎత్తులకు యజమానులుండరు. బెర్లిన్ అనే ఆరంభంలో మహామహులే పాత వరుసనే మళ్ళీ ఆడి, పావుల్ని అటూ ఇటూ తిప్పి, డ్రా అని చేతులు కలుపుకుని లేచిన ఆటలు కొల్లలు. వాళ్ళకు తామేం చేస్తున్నారో తెలుసు. తెలియకుండా చేస్తేనే చిక్కు.

ఈ కథ వినండి. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్టియన్‌సెన్, మైల్స్ అనే ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఇరవై ఎత్తుల్లో డ్రా చేసుకున్నారు. ముందే మాట్లాడుకుని ఆడారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అందులో మైల్స్ అయిదో ఎత్తులో తన గుర్రానికి కాపుగా ఒంటెను తెచ్చి నిలబెట్టాడు. శుద్ధ తప్పు! ఎదుటివాడు శిక్షించలేదు కనక అది తప్పులా కనబడలేదు. ఆట అచ్చులోకెక్కింది.

మరుసటి ఏడు, 1988లో, స్విట్జర్లాండులోని బీల్‌లో విశ్వనాథన్ ఆనంద్ కొలంబియా ఆటగాడు జపాతా మీద సరిగ్గా అవే ఎత్తులు వేశారు. జపాతా తన మంత్రిని ఒక్క గడి జరిపాడు. అంతే! వెనక రాజు, ఎదురుగా మంత్రి, మధ్యలో నల్లగుర్రం. కదలడానికి వీల్లేదు, కాపాడుకునే దారీ లేదు. ఆరో ఎత్తుకే ఆనంద్ ఓటమి ఒప్పుకున్నారు. ఆ ఏడే మనదేశపు మొదటి గ్రాండ్‌మాస్టరైన మనిషికే అచ్చులోని ఎత్తు అంత పని చేస్తే, ఎనిమిదేళ్ళ పసివాడి గతేమిటి?

"అభ్యాసం లేకుండా విద్య వస్తుందా?" అంటారు. రాదు. పాత ఆటలు చూడాల్సిందే. ముగ్గు కూడా మొదట పక్కింటివాళ్ళది చూసే నేర్చుకుంటాం. అయితే చుక్కల లెక్క తెలిసినమ్మాయి ఓ చుక్క పక్కకు పడినా సర్దుకుంటుంది. బొమ్మ మాత్రమే గుర్తున్నమ్మాయి చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. చదరంగంలో చెరపడానికుండదు.

"మాకు ఆటే రాదు, మేమేం చెప్పగలం?" అనకండి. పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఈ ఎత్తు ఎందుకు వేశాడు? ఎదుటివాడు ఇంకోటి వేస్తే ఏం చేస్తావు?" అని అడగడానికి ఆట రానక్కర్లేదు. యాభై ఆటల అప్పగింత కన్నా ఒక్క ఆటకు జవాబులు మేలు.

ముఖ్యంగా ఆడపిల్లల్ని అడగండి. "అందరూ ఇలాగే చేశారు, నువ్వూ నోరు మూసుకుని చెయ్యి" అనే మాట వాళ్ళకు ఇంట్లో ఎలాగూ వినబడుతూనే ఉంటుంది. అరవై నాలుగు గళ్ళ ముందైనా "ఎందుకు?" అననివ్వండి. ఆ ప్రశ్నకు విసుక్కునే గురువుగారికి కట్టే ఫీజు శుద్ధ దండగ!