వేలిముద్ర ఒక అమానతు

డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగి ఊళ్లోకి నడిస్తే, టీ కొట్టు మొదలు కూరగాయల బండి వరకు ఫోనుతో డబ్బు చెల్లించే పలకలే కనిపిస్తాయి. 2016 ఏప్రిల్‌లో యూపీఐకి శ్రీకారం జరిగింది. అదే ఏడాది అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడింది, నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. మన జిల్లా వయసెంతో ఈ చెల్లింపుల వయసూ ఇంచుమించు అంతే.

అయితే స్మార్ట్‌ఫోన్ లేనివారి మాటేమిటి? వృద్ధులు, కూలీలు బ్యాంకు సేవాకేంద్రానికి వెళ్లి, ఆధార్ సంఖ్య చెప్పి, యంత్రంపై వేలు ఉంచి డబ్బు తీసుకుంటారు. ఏళ్ల తరబడి పొలం పనుల్లో అరిగిన వేళ్లను ఆ యంత్రం ఒక్కోసారి గుర్తించదు. అప్పుడు నిర్వాహకుడు విసుక్కున్నాడా, వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమని ఓపికగా చెప్పాడా? ఆ కేంద్రం భవిష్యత్తు ఈ ఒక్క విషయంలోనే తేలిపోతుంది.

2007లో కెన్యాలో మొదలైన ఎం-పెసా సేవ సాధారణ ఫోన్లతోనే విజయం సాధించింది. పల్లెపల్లెనా తెలిసిన దుకాణదారుడే డబ్బు జమ చేసుకుని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చేవాడు. వెళ్లినప్పుడు డబ్బు దొరుకుతుందన్న నమ్మకమే దానికి పునాది. అదే పేరుతో 2013లో మన దేశంలో మొదలైన సేవ కొన్నేళ్లకే మూతపడింది. పేరు ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు.

మహాప్రవక్త (సఅసం) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. చదువురాని ఖాతాదారుకు నిర్వాహకుడి వైపు తిరిగి ఉన్న తెర కూడా అలాంటి రాశే. వేలిముద్ర పడలేదని చెప్పి మళ్లీ వేలు పెట్టించి, రెండోసారి డబ్బు లాగినా ఆమెకు తెలియదు. కొలతల్లో మోసగించేవారిని దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో తీవ్రంగా హెచ్చరించింది. తెరమీద చేసే మోసం ఆ హెచ్చరికకు అతీతమని ఎవరూ భావించరాదు.

కనుక ఇలాంటి కేంద్రాలు నడిపే మన యువకులకు మేము చెప్పేది ఇదే. తీసిన మొత్తాన్ని, మిగిలిన నిల్వను పెద్దగా చదివి వినిపించండి. అడగకముందే రసీదు ఇవ్వండి. బ్యాంకు తరఫున చేసే సేవకు ఖాతాదారు నుండి నేరుగా రుసుము తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతించవు. మీ కమీషన్ బ్యాంకు నుండే రావాలి. పది రూపాయలే కదా అనుకోవద్దు. హలాల్ సంపాదనను పాడుచేయడానికి ఆ పది చాలు.

ఖాతాదారులూ తమ హక్కులు తెలుసుకోవాలి. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు ఖాతాలో తగ్గి, అవతలివారికి చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి జమ కావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలు నాయనమ్మ, అమ్మమ్మల వెంట కేంద్రానికి వెళ్లి రావడం కూడా పెద్దల సేవే.

ఆ వేలిముద్ర మన చేతికి వచ్చిన అమానతు. దాన్ని నమ్మకంగా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.