ఊపిరితిత్తిలో ప్రతి మచ్చా టీబీ కాదు

మార్పిడి చేసిన కిడ్నీని శరీరం పరాయిదిగానే చూస్తుంది. దాన్ని తిప్పికొట్టకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని మందులతో జీవితాంతం అణచి ఉంచాలి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన మార్పిడికి ఈ అవసరం పడలేదు. అక్కడ దాత, గ్రహీత సమరూప కవలలు. ఇప్పుడు చాలామందికి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ కలిపి వాడటం మామూలు. కొత్త కిడ్నీని కాపాడే ఈ మందుల వల్లే, ఆరోగ్యవంతుల జోలికి పెద్దగా రాని క్రిములకు కూడా బలం వస్తుంది. వాటి వల్ల వచ్చేవే అవకాశవాద ఇన్‌ఫెక్షన్లు.

మొదటి నెలలో కనిపించేవి చాలావరకు ఆపరేషన్ గాయం, గొట్టాలు, ఆస్పత్రి వార్డు ద్వారా వచ్చేవి. ఆ తర్వాత ఆరో నెల దాకా గడ్డుకాలం. సైటోమెగలోవైరస్‌కు వాల్‌గాన్‌సైక్లోవిర్, న్యుమోసిస్టిస్ న్యుమోనియాకు కో-ట్రైమాక్సజోల్ ముందుజాగ్రత్తగానే ఇస్తారు. ఈ రెండూ మార్పిడి వైద్యులకు కొట్టినపిండి. చిక్కంతా అరుదుగా వచ్చేవాటితోనే.

నోకార్డియా మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉండే బాక్టీరియా. ఫ్రెంచ్ పశువైద్యుడు ఎడ్మండ్ నోకార్డ్ 1888లో పశువుల జబ్బులో దీన్ని గుర్తించాడు. ఇది దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ: అన్నీ టీబీ లక్షణాలే. మన దేశంలో మార్పిడి చేయించుకున్నవారికి టీబీ నిజంగానే ఎక్కువ కనుక వైద్యుడికి ఆ అనుమానం రావడం తప్పు కాదు. కఫంగానీ, బ్రాంకోస్కోపీతో తీసిన ద్రవంగానీ పరీక్షించకుండానే టీబీ మందులు మొదలుపెట్టడం మాత్రం తప్పే. వాటిలోని రిఫాంపిసిన్ ప్రభావంతో కాలేయం టాక్రోలిమస్‌ను వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది. రక్తంలో దాని స్థాయి పడిపోతుంది, శరీరం కిడ్నీని తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. అసలు జబ్బు తగ్గకపోగా కిడ్నీకీ ముప్పు వస్తుందన్నమాట.

నోకార్డియాను పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. టీబీ క్రిమికి వాడే రంగు పరీక్షనే తేలికపాటి ఆమ్లంతో చేస్తే కొమ్మలు వేసిన సన్నటి దారాల్లా కనిపిస్తుంది. కల్చర్‌లో నెమ్మదిగా పెరుగుతుంది. అనుమానం ఉందని ముందే చెబితే ల్యాబ్‌వాళ్లు ఆ ప్లేట్లను రెండు మూడు వారాలు ఉంచుతారు, చెప్పకపోతే పారేస్తారు. ఈ క్రిమికి మెదడులో గడ్డలు కట్టే గుణం ఉంది, కాబట్టి తలనొప్పి లేకపోయినా తలకు స్కాన్ తీయాలి. చికిత్స ఆరు నెలల నుంచి ఏడాది దాకా సాగుతుంది. ముందుజాగ్రత్తగా ఇచ్చే కొద్దిపాటి కో-ట్రైమాక్సజోల్ దీన్ని ప్రతిసారీ ఆపలేదు.

స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు తీరే వేరు. తడిమట్టిలో వట్టికాళ్లతో నడిచినవారి చర్మం గుండా లోపలికి వెళ్తుంది. లోపలే మళ్లీ మళ్లీ పుడుతూ దశాబ్దాలపాటు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రైలుమార్గం పనిలో మగ్గిన బ్రిటిష్ యుద్ధఖైదీల్లో కొందరికి దశాబ్దాల తర్వాత కూడా ఇది బయటపడింది. స్టెరాయిడ్ మొదలవగానే ఈ పురుగు లార్వాలు విపరీతంగా పెరిగి, పేగులోని బాక్టీరియాను వెంటేసుకుని రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకుతాయి. పురుగు ఉందని సూచించే ఇసినోఫిల్ కణాలను స్టెరాయిడ్ పెరగనివ్వదు. మార్పిడికి ముందే ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. అయితే అందుకు పొలంలో వట్టికాళ్లతో పనిచేశారా అని ముందుగా ఎవరో ఒకరు అడగాలి. కిడ్నీ జబ్బు పడినవారిలో ఎక్కువమంది పొలం, తోట పనులవారే అయిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది తప్పక వేయాల్సిన ప్రశ్న.

ముల్లు గుచ్చుకున్నచోట నొప్పిలేని గడ్డ వస్తే అది నల్లబూజు జాతి ఫంగస్ కావచ్చు. కొవ్వు గడ్డ అనుకుని కోసి, మొత్తం ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తే కల్చర్‌కు ఏమీ మిగలదు. ఒక తునకను ఉప్పునీటి సీసాలో విడిగా పంపాలి. దీనికి వాడే వోరికోనజోల్ వంటి మందులు రిఫాంపిసిన్‌కు సరిగ్గా వ్యతిరేకం. రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి కనుక దాని మోతాదు బాగా తగ్గించాలి.

మరీ అరుదుగా జబ్బు అవయవంతోనే వస్తుంది. 2004లో అమెరికాలో ఒకే దాత కణజాలం అందుకున్న నలుగురు రేబిస్‌తో మరణించారు. ఆ దాతను గబ్బిలం కరిచిందని తర్వాత తెలిసింది.

ఇన్‌ఫెక్షన్ ముదిరినప్పుడు అణచివేత మందులు తగ్గించక తప్పదు. కిడ్నీ విషయంలో చివరికి దాన్ని వదులుకున్నా డయాలసిస్ ఉంది. కాలేయానికి, గుండెకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఎంత తగ్గించవచ్చో రక్తంలో మందు స్థాయి చూసుకుంటూ ఏ రోజుకారోజు తేల్చుకోవాల్సిందే.