రుచికి మనం పెట్టే మాట



ధ్యానానికి: నిర్గమకాండము 16:31; కొలొస్సయులకు 4:6; అపొస్తలుల కార్యములు 10:9–28.

అన్నం ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాం. ఆమేన్ అన్నాక మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏమంటున్నాం? ఆ మాట కూడా ప్రార్థనలో భాగమేనని నా నమ్మకం. పైన దేవునికి స్తోత్రం చెప్పి, కింద వండిన చేతిని ఈసడిస్తే ఆ స్తోత్రం ఎంతవరకు వెళ్తుంది?

మన్నా సంగతి చూడండి. అంతకుముందు ఎవరూ చూడని ఆహారం. ఇదేమిటని జనం ఒకరినొకరు అడిగారు. తినని వాళ్లకు దాన్ని ఎలా చెప్పాలి? కొత్తిమీర గింజలా ఉంటుందని, తెల్లగా ఉంటుందని, తేనె కలిపిన అప్పంలా ఉంటుందని నిర్గమకాండం చెబుతుంది. కొత్త నూనె రుచి ఉండేదని సంఖ్యాకాండం 11:8 చెబుతుంది. కనానులో అడుగుపెట్టాక మన్నా ఆగిపోయింది. మన వరకు వచ్చింది ఆ నాలుగు మాటలే.

అదే మన్నాను తిన్న నోళ్లే చవిసారాలు లేని అన్నమని సణిగాయి. ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, కూరాకులు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు పేరుపేరునా గుర్తున్నాయి. ఇటుకల చాకిరీ మాత్రం గుర్తు లేదు. పోయినవాటికి ఆరు పేర్లు, చేతిలో ఉన్నదానికి ఒక్క ఈసడింపు!

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. తెల్లవారకముందే లేచి వండి, మళ్లీ మిరప కోతకు పరుగెత్తే తల్లికి వినబడేది ఏమిటి? "ఏంటీ కూర?" ఆ మాటతో ఆమె ఏం సరిదిద్దుకోవాలి? మన తెలుగులో మాటలు తక్కువా? అన్నం పలుకుగా ఉందంటే ఇంకాస్త ఉడకాలని తెలుస్తుంది. పులుసు పచ్చివాసన వస్తోందంటే ఇంకాస్త మరగాలని తెలుస్తుంది. చప్పగా ఉంది, అడుగంటింది, రొట్టె బిరుసెక్కింది: ఇవన్నీ పనికొచ్చే మాటలు. సరైన మాట కూరను దిద్దుతుంది, ఈసడింపు మనిషిని గాయపరుస్తుంది. మన సంభాషణకు ఉప్పు ఉండాలని పౌలు రాసింది ఇందుకే అనుకుంటాను. ఉప్పు లేకపోతే చప్పన, ఎక్కువైతే నోట్లో పెట్టలేం.

పొగడ్త కూడా అంతే. పప్పుకూ సూపరే, పరమాన్నానికీ సూపరే అంటే తిన్నారో లేదో తెలియదు. "గోంగూరలో పులుపు సరిపోయింది, తాలింపులో వెల్లుల్లి కమ్మగా వేగింది" అంటే ప్రేమవిందులో గుండిగల దగ్గర పొగలో నిలబడిన అక్క ముఖం చూడండి!

ఇంతకంటే బరువైన సంగతి ఒకటుంది. చేపకు, మాంసానికి నీచు అనే మాట మన వాడుకలో ఉంది. ఉప్పు, పసుపు రాసి కడిగితే నీచు వాసన పోతుందని అమ్మలు చెబుతారు. వంటింట్లో అది అవసరమైన మాటే. కానీ ఎండుచేపల కూర తెచ్చుకున్న పిల్ల డబ్బా మూత తీయగానే పక్కవాళ్లు ముక్కు మూసుకుని "ఛీ, కంపు" అంటే, ఆ బిడ్డ వినేది కూర గురించి కాదు. తన తల్లి గురించి, తన పేట గురించి. ఆ మరునాడు డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెస్తుంది.

"నాకు ఆ వాసన పడదు" అనడం తప్పు కాదు. అది నా నాలుక గురించి నేను చెప్పే నిజం. "ఛీ" అన్నది ఎదుటివాడి మీద వేసే తీర్పు.

పేతురు యొప్పేలో ఎవరి ఇంట్లో దిగాడు? సముద్రం పక్కన, చర్మకారుడైన సీమోను ఇంట్లో. తోళ్లు పదును చేసే ఇంటి వాసన ఎలా ఉంటుందో మన పల్లెల్లో పెద్దలకు చెప్పనక్కరలేదు. అక్కడే, పేతురుకు ఆకలేసి, కింద వంట అవుతుండగా, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనవద్దని దర్శనం వచ్చింది. తర్వాత కొర్నేలీ ఇంట్లో పేతురు చెప్పింది ఏ మాంసం తినవచ్చో కాదు. ఏ మనిషినీ నిషిద్ధుడని గానీ అపవిత్రుడని గానీ అనకూడదని దేవుడు తనకు చూపించాడన్నాడు. తిండితో మొదలైన దర్శనం మనిషి దగ్గరికి చేరింది. తిండి మీద మనం వేసే మాట కూడా అలాగే మనిషి దగ్గరికే చేరుతుంది.

కాబట్టి ప్రియులారా, ఈ వారం రోజూ ఒక్క పూటైనా వండినవారికి ఒక నిజమైన మాట చెప్పండి. లోపముంటే దాని పేరు చెప్పండి, మనిషిని అనకండి. పిల్లలకు ఇంకొకరి డబ్బాను గౌరవించడం నేర్పండి.

ప్రభువా, మా నాలుకకు రుచినిచ్చావు, అదే నాలుకకు మాటనూ ఇచ్చావు. రెండూ నీకు మహిమ తెచ్చునట్లు కృప చూపుము. ఆమేన్.