ఓడటం కూడా ఒక వ్యాపారమే

"నీకు ఇంకో టీమే దొరకలేదా?" అని అడిగే మహానుభావులందరికీ ముందుగా ఓ నమస్కారం. దొరక్కేం, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ముప్ఫై టీములున్నాయి. కానీ నేను ఎమ్మెస్‌కని పెట్టె పట్టుకుని దిగిన ఊరు పిట్స్‌బర్గ్. ఊరి మీద ప్రేమతో పాటు ఊరి టీం కూడా అంటుకుంది, జలుబు అంటుకున్నట్టు. పైరేట్స్ అంటారు వీళ్ళని. పేరులో ఉన్న దోపిడీ మైదానంలో మాత్రం ఎక్కడా కనపడదు.

బేస్‌బాల్ తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సీజన్‌కి 162 మ్యాచులు. దాదాపు ప్రతి రోజూ ఒకటి, ఆర్నెల్ల పాటు. 81 కన్నా తక్కువ గెలిస్తే అది ఓటమి సీజన్ కింద లెక్క. మన క్రికెట్ టీం ఓడితే వారం బాధపడి మర్చిపోతాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. మంగళవారం ఓడిన బాధ దిగేలోపు బుధవారం మళ్ళీ ఓడతారు. టీవీ సీరియల్‌లో కోడలి కష్టాల్లా, రేపేమవుతుందో తెలిసీ చూస్తూ కూచోవడమే.

ఇప్పుడు పైరేట్స్ ఘనకార్యం వినండి. 1993 నించి 2012 దాకా వరసగా ఇరవై ఓటమి సీజన్లు. అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ ఆటలు ఏవి తీసుకున్నా ఇంత పొడుగు పరంపర ఇంకొకటి లేదు. దీనికి ముందు 1992 అక్టోబర్ 14న అట్లాంటాతో ఏడో మ్యాచ్. గెలిస్తే వరల్డ్ సిరీస్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లోకి 2-0 ఆధిక్యంతో వెళ్ళి, ఆఖరి బంతికి 3-2తో ఓడారు. విజయం పరుగు తీసినవాడు సిడ్ బ్రీమ్, మోకాళ్ళకి ఆపరేషన్లయి సరిగ్గా పరిగెత్తలేని మనిషి, పైగా ఒకప్పటి పైరేట్! ఆ తర్వాత బారీ బాండ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయాడు. ఇక చీకటి. మధ్యలో 2010 ఏప్రిల్‌లో సొంత మైదానంలో మిల్వాకీ చేతిలో 20-0. 2012లో ఆగస్టు మొదట్లో 63 గెలుపులు, 47 ఓటములతో ఉన్నారు, పరంపర తెగిపోయినట్టే అనుకున్నారంతా. చివరికి 79-83. దీన్ని ఓటమి అనకూడదు, నైపుణ్యం అనాలి.

ఊరివాళ్ళు దీనికి రకరకాల పేర్లు పెట్టారు. శాపం అన్నారు, దురదృష్టం అన్నారు. మనవాళ్ళేమైనా తక్కువా? పెన్‌హిల్స్ కొండ మీద వెంకన్న గుడికి వెళ్ళినప్పుడు ప్రసాదాల దగ్గర పులిహోర తింటూ ఒకాయన అన్నాడు, "బాబూ, వీళ్ళకి ఓ అర్చన చేయించాలి" అని. గుడి కట్టింది 1970ల్లో, పైరేట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1979లో. అంటే స్వామి తన వంతు ఎప్పుడో చేసేశాడు. ఇక మిగిలింది మానవ ప్రయత్నం. అసలు గొడవంతా అక్కడే.

శాపమూ లేదు, గ్రహచారమూ లేదు. ఓడితే నష్టం రాని ఏర్పాటు ఒకటుంది. అంతే.

అమెరికాలో నాలుగు పెద్ద లీగుల్లో జీతాలకి పై పరిమితి లేనిది బేస్‌బాల్ ఒక్కటే. ఇది అందరికీ తెలిసిన సంగతే, "చిన్న ఊరు, చిన్న మార్కెట్, డాడ్జర్స్‌తో ఎలా పోటీ పడతాం" అని ఏడవడానికి పనికొచ్చేది కూడా ఇదే. కానీ వాళ్ళు చెప్పని రెండో సగం ఇంకోటుంది. కింది పరిమితి కూడా లేదు! ఇంత కన్నా తక్కువ ఖర్చు పెట్టకూడదు అనే గీత లేదు. పైగా పెద్ద ఊళ్ళ టీములు సంపాదించిన దాంట్లోంచి చిన్న ఊళ్ళకి వాటా వస్తుంది. ఎందుకయ్యా అంటే పోటీ పెరగడానికట. ఆ డబ్బు పోటీకే వాడారా లేదా అన్నది ఎవరు చూడాలి? 2018 ఫిబ్రవరిలో ఆటగాళ్ళ సంఘం నాలుగు టీముల మీద సరిగ్గా ఇదే ఫిర్యాదు వేసింది. ఆ నాలుగింట్లో మనవాళ్ళున్నారని వేరే చెప్పాలా.

అంతకు ముందే 2010 ఆగస్టులో కొన్ని లెక్కల కాగితాలు బయటికి పొక్కాయి. 2007, 2008 రెండేళ్ళూ కలిపి పైరేట్స్‌కి దాదాపు 29 మిలియన్ డాలర్ల లాభం. ఆ రెండేళ్ళూ ఆటలో ఏం చేశారంటే, 68-94, 67-95. ఆటగాళ్ళని తయారుచేసుకోవడానికి ఖర్చు పెడుతున్నాం, అప్పులు తీరుస్తున్నాం అని యాజమాన్యం వివరణ ఇచ్చుకుంది. కావచ్చు. నా ప్రశ్న అది కాదు. ఏ కంపెనీ అయినా ఏడాదికి తొంభై సార్లు సర్వర్ పడగొట్టి, ఆపైన లాభం చూపిస్తే, ఆ సర్వర్ బాగుచెయ్యాలన్న తొందర ఎవరికుంటుంది? మా ఆఫీసుల్లో ప్రొడక్షన్ ఒక్క గంట ఆగితే అర్ధరాత్రి లేపి కూచోబెడతారు. ఇక్కడ ఇరవై ఏళ్ళు ఆగింది, ఎవరి నిద్రా చెడలేదు.

"మరి చిన్న ఊరు కదా, పాపం" అనేవాళ్ళకి ఒకటే మాట. మిల్వాకీ. పిట్స్‌బర్గ్ కన్నా చిన్న మార్కెట్. 2025లో 97 మ్యాచులు గెలిచి మొత్తం లీగులోనే మొదటి స్థానంలో నిలిచింది. పైరేట్స్ ఉన్న డివిజనే, అదే చలి, అవే రూల్సు. పైరేట్స్ 71-91. ఇదే పిట్స్‌బర్గ్‌లో స్టీలర్స్ ఆరు సూపర్‌బౌల్స్ గెలిచారు, పెంగ్విన్స్ అయిదు స్టాన్లీ కప్పులు తెచ్చారు. ఊరు చిన్నదైతే ఆ రెండు టీములకీ చిన్నదే కదా! ఆ లీగుల్లో జీతాలకి పై గీతా ఉంది, కింద గీతా ఉంది. వంకలకి చోటు తక్కువ.

ఐపీఎల్ తెలిసిన మనకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 2008లో మన డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున ఉంది. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు ఎత్తింది. వేలంలో అందరికీ ఒకే సంచీ, కాబట్టి ఆఖరివాడు ఏడాదిలో మొదటివాడు అవ్వచ్చు. ఆ ఫైనల్లో ఓడిన బెంగళూరు 2025 దాకా కప్పు కోసం ఎదురు చూసింది. ఆ అభిమానుల బాధ నాకు తెలుసు, కానీ ఒక రకంగా చూస్తే వాళ్ళ మీద అసూయ కూడా. వాళ్ళు గెలవడానికి ప్రయత్నించి ఓడారు. కోహ్లీ ఏడిస్తే వాళ్ళూ ఏడ్చారు, అందులో ఓ గౌరవం ఉంది. ప్రయత్నించకుండా ఓడేవాళ్ళ కోసం ఏడవాలంటే కన్నీళ్ళు కూడా మొహమాటపడతాయి.

ఇక అమ్మకాల పురాణం. మొలకెత్తించడం, నీళ్ళు పొయ్యడం, కాయ పండే టైముకి పక్కింటివాడికి ఇచ్చెయ్యడం. 2003లో అరామిస్ రమిరెజ్‌ని కబ్స్‌కి ఇచ్చేశారు. 2008లో హోసే బటిస్టాని టొరంటోకి ఇచ్చారు, అతను 2010లో 54 హోమ్‌రన్లు కొట్టాడు, లీగు మొత్తంలో అందరికన్నా ఎక్కువ. 2018 జనవరిలో రెండు రోజుల తేడాలో గెరిట్ కోల్‌నీ, ఊరంతా నెత్తిన పెట్టుకున్న ఆండ్రూ మెకచెన్‌నీ పంపించేశారు. సరే, పొదుపు అనుకుందాం. అదే ఏడాది జులైలో క్రిస్ ఆర్చర్ అనే ఒక్క పిచర్ కోసం టాంపాకి టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ ధారపోశారు. పొదుపు చేసినప్పుడూ నష్టమే, ఖర్చు చేసినప్పుడూ నష్టమే. దీనికి మాత్రం ప్రత్యేకమైన ప్రతిభ కావాలి సుమా :)

మధ్యలో మన దేశం కూడా ఈ కథలో ఓ పాత్ర వేసింది. 2008లో ఒక టీవీ పోటీలో గెలిచిన ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. అంతకు ముందు బేస్‌బాలే ఆడని జావలిన్ కుర్రాళ్ళు. ఇద్దరూ పై స్థాయికి చేరలేదు, వాళ్ళ మీద 2014లో సినిమా వచ్చింది, రెహ్మాన్ సంగీతం. ఆ పిల్లల్ని నేనొక్క మాట అనను, వాళ్ళు చేసింది సాహసం. కానీ ఆ రోజుల్లో టీంకి ప్రపంచమంతా పేరు తెచ్చిన వార్త అదీ అంటే మైదానంలో పరిస్థితేంటో ఊహించుకోండి.

స్టేడియం సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. 1997లో కొత్త స్టేడియాల కోసం అమ్మకపు పన్ను పెంచుతాం అని జనాన్ని ఓటు అడిగారు. జనం కుదరదన్నారు. అయితే ఏంటి, "ప్లాన్ బి" అని ఇంకో దారి తీసి, 1998లో ప్రజల డబ్బుతోనే పని కానిచ్చారు. పీఎన్‌సీ పార్క్ 2001లో తెరిచారు. నిజం చెప్పాలంటే అంత అందమైన మైదానం నేను చూళ్ళేదు. ఎలిగేనీ నది, దాని మీద రొబెర్తో క్లెమెంటే పేరు పెట్టిన పసుప్పచ్చ వంతెన, వెనక డౌన్‌టౌన్ మేడలు, సాయంత్రం ఎండ పడితే అలా చూస్తూ ఉండిపోవచ్చు. అందుకే దాని మీద నాకంత కోపం. స్టేడియం వస్తే పోటీపడే టీం వస్తుందన్నారు. తెరిచిన మొదటి ఏడాది సరిగ్గా వంద మ్యాచులు ఓడారు. చూడ్డానికి వచ్చిన జనం ఇరవై నాలుగు లక్షల పైమాటే! యాజమాన్యానికి ఆ రోజే పాఠం వచ్చేసి ఉంటుంది. నదినీ వంతెననీ అమ్ముకోవచ్చు, ఆట ఉచితంగా కలిపి ఇవ్వచ్చు.

"ఎప్పుడూ ఓడారంటావేంటి, 2013 మర్చిపోయావా" అంటారు. దాన్నెవరు మర్చిపోతారు? అప్పటికి నేను అమెరికా మొహం చూళ్ళేదు, స్కూల్లో ఉన్నా, అయినా ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. అక్టోబర్ 1, నల్లచొక్కాల సముద్రం, సిన్సినాటి పిచర్ క్వేటో పేరు రాగం తీసి అరుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కిందపడటం, తర్వాతి బంతికే రసెల్ మార్టిన్ హోమ్‌రన్ కొట్టటం. మూడేళ్ళు వరసగా ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. 2015లో 98 గెలిచారు. ఒక్క మ్యాచ్‌తో ఇంటికెళ్ళారు, అది ఆట, సరే. కానీ 98 గెలిచిన టీం మీద ఇంకో నాలుగు రూపాయలు పెట్టాల్సింది అప్పుడే కదా? మర్నాటి ఏడాదికి 78-83. ఆ మూడేళ్ళూ రుజువు చేసింది ఒకటే, ఈ ఊళ్ళో గెలవటం సాధ్యమే అని. కాబట్టి ఆ తర్వాత జరిగిందానికి "సాధ్యం కాదు" అనే వంక చెల్లదు.

ఇప్పుడు పాల్ స్కీన్స్. 2023 డ్రాఫ్టులో మొదటి ఎంపిక, 2024లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో ఏకగ్రీవంగా సై యంగ్ అవార్డు. ఆ 2025లో అతని ఈఆర్ఏ 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. గెలుపోటములు? 10-10. క్లాసులో ఫస్టొచ్చే పిల్లాడికి గ్రూప్ ప్రాజెక్టులో సగం మార్కులొచ్చినట్టు. అలాంటివాడికి ఆ ఏడాది ఇచ్చిన జీతం మిలియన్ డాలర్లు కూడా లేదు, ఎందుకంటే మొదటి ఏళ్ళలో అంతకన్నా ఇవ్వక్కర్లేదని రూలు.

ఈలోగా ఆ 2025 సీజన్ మొదట్లోనే స్టేడియం కుడి గోడ మీద క్లెమెంటే నంబరు 21 గుర్తు తీసేసి ఓ మద్యం ప్రకటన పెట్టారు. క్లెమెంటే అంటే నికరాగ్వా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమానం కూలి చనిపోయిన మనిషి. కుటుంబం అడిగాక, జనం తిట్టాక, మళ్ళీ పెట్టారు. ఆ వసంతంలోనే "టీం అమ్మెయ్" అని యజమాని బాబ్ నట్టింగ్‌ని ఉద్దేశించి స్టాండ్స్‌లో అరిచారు, విమానానికి బ్యానర్ కట్టి ఆకాశంలో కూడా తిప్పారు. మేలో మేనేజర్ డెరిక్ షెల్టన్‌ని తీసేశారు. వంట బాలేదంటే గరిటె మార్చినట్టుంది.

"నిజమైన అభిమాని ఓపిక పడతాడు" అనే ఉపదేశం ఒకటి వినిపిస్తూ ఉంటుంది. 1979 నించి ఓపిక పట్టినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళ మనవలు కూడా ఓపిక పడుతున్నారు. "అయిదేళ్ళ ప్రణాళిక" అని చెప్పి, నాలుగో ఏట జనరల్ మేనేజర్‌ని మార్చి, కొత్తాయనతో మళ్ళీ ఒకటో ఏడు మొదలెట్టించటం... మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఇది బాగా తెలుసు, "వచ్చే రిలీజ్‌లో" అనటమంటే ఇదే. ఓపిక అనేది ప్రయత్నం చేసేవాడి పట్ల చూపించేది. ఖాతా పుస్తకం చూపించనివాడి పట్ల చూపిస్తే దాన్ని చందా అంటారు.

నేనడిగేది కప్పు కాదు. జీతాల కింద గీత ఒకటి గియ్యండి, వాటా డబ్బు తీసుకున్న ప్రతి టీమూ అది ఆటగాళ్ళ మీద ఎంత పెట్టిందో ఏటా బయటపెట్టాలని రాయండి. ఆటగాళ్ళకీ ఓనర్లకీ మధ్య 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. పై గీత కోసం ఓనర్లు గొంతు చించుకుంటారు, కింది గీత దగ్గరికి వచ్చేసరికి ఎంతమందికి దగ్గు వస్తుందో చూడాలి. స్కీన్స్‌కి 2029 సీజన్ అయ్యాక ఎక్కడికైనా వెళ్ళే స్వేచ్ఛ వస్తుంది. అంతదాకా ఆగి వదిలేస్తారో, ముందే ఏ న్యూయార్కుకో అమ్మేస్తారో అని మా వాళ్ళలో ఇప్పటికే పందేలు నడుస్తున్నాయి. ఉంచుకుంటారు అన్న పందెం మాత్రం ఇంతవరకూ ఎవరూ కాయలేదు.